ఆరె, రంపె, జావాస్క్రిప్ట్ (మన పని – మన చరిత్ర: 11వ భాగం)



కిందటి భాగంలో ఆజంజాహి మిల్లు గురించి రాశాను. నిజాం కాలంలో 1934లో మొదలై, ఈ శతాబ్దం మొదట్లో మూతపడేదాకా వరంగల్‌లో కొన్ని తరాలకు అన్నం పెట్టిన మిల్లు. సైరన్ మోగితే షిఫ్టు ఎక్కడం, సైరన్ మోగితే దిగడం. అది చదివి నా పాత విద్యార్థి ఒకడు రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేశాడు. బి.ఎస్‌సి. కంప్యూటర్స్‌లో ఉన్నప్పుడు నా దగ్గర తెలుగు చదువుకున్నాడు, తర్వాత ఎం.సి.ఎ. చేశాడు, ఇప్పుడు హైదరాబాద్‌లో వెబ్ డెవలపర్. "సార్, మిల్లోళ్లే నయం. వాళ్లకు దిగే సైరన్ ఉండె. మాకు ఎక్కే సైరనే ఉంది" అన్నాడు. వెనక ల్యాప్‌టాప్ మీద టిక్కుటిక్కుమని టైపు చేస్తూనే ఉన్నాడు.

మన ఉద్యమాల్లో ఈ పని గురించి మాట్లాడుకోవడం తక్కువ. పాకీ పని గురించి రాశాం, బీడీ గురించి, గల్ఫ్ గురించి రాశాం. సాఫ్ట్‌వేర్ అనగానే "వాళ్లకేంరా, ఏసీల కూసుంటరు" అని పక్కన పెట్టేస్తాం. తెలుగు కథ కూడా అంతే. నేను చదివిన కథల్లో సాఫ్ట్‌వేర్ పాత్ర వచ్చిందంటే చాలామటుకు వీకెండ్ పార్టీ, ఈఎంఐ, వృద్ధాశ్రమంలో అమ్మానాన్నలు. వాడు పొద్దంతా చేసే పని ఏమిటో కథకుడికి తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా ఉండదు. నాగలి పట్టే చెయ్యిని వర్ణించగలిగిన సాహిత్యం కీబోర్డు మీది చెయ్యి దగ్గర మూగబోయింది. అందుకని ఈ భాగంలో ముందు పని గురించి రాస్తాను, తర్వాతే కులం గురించి.

మా తాత చెప్పులు కుట్టేవాడు. ఆయన దగ్గర ఆరె, రంపె, గూటం ఉండేవి. ఆ ఆరె ఆయనకు వాళ్ల నాయిన ఇచ్చింది. పిడి రెండుసార్లు మారిందేమో గాని పనితనం మారలేదు. పదేళ్ల వయసులో నేర్చిన కుట్టు డెబ్బై ఏళ్లకూ పనికొచ్చింది. లందలో తోలు ఎన్ని రోజులు నానాలో, ఏ చెక్క వెయ్యాలో ఒకసారి వంటబట్టిన విద్య చచ్చేదాకా ఆయనదే. కులం ఆయన నుంచి గౌరవాన్ని గుంజుకుంది, కూలిని గుంజుకుంది. నైపుణ్యాన్ని మాత్రం గుంజుకోలేకపోయింది.

వెబ్ పనిలో గుంజుకునేది సరిగ్గా దాన్నే. ఈ సంగతి అర్థం కావాలంటే కొంచెం చరిత్ర చూడాలి. టిమ్ బెర్నర్స్-లీ 1989లో స్విట్జర్లాండ్‌లోని సెర్న్‌లో వెబ్‌ను ప్రతిపాదించాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. పరిశోధకులు తమ కాగితాలు ఒకరికొకరు చూపించుకోవడానికి పుట్టిన పద్ధతి అది. రెండేళ్లు తిరక్కుండానే దాని మీద వ్యాపారం పరుగు మొదలైంది. 1995 మే నెలలో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో ఒక భాష తయారుచేశాడు. అదే జావాస్క్రిప్ట్. మైక్రోసాఫ్ట్‌తో పోటీ, గడువు, తొందర. ఆ పది రోజుల తొందరలో మిగిలిపోయిన వంకరలు ముప్పై ఏళ్ల తర్వాత కూడా ప్రపంచంలో ప్రతి వెబ్ డెవలపర్ నెత్తి మీదే ఉన్నాయి. మొదటి తరం వాళ్లకు ఇంకో నరకం: ఒకే పేజీ నెట్‌స్కేప్‌లో ఒకలా, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఇంకోలా కనపడేది. రెండు దొరల మధ్య పొలం గట్టు తగాదాలో పాలేరు నలిగినట్టు, రెండు కంపెనీల పోటీలో కోడ్ రాసేవాడు నలిగాడు.

తర్వాతి వరస చూడండి. 2006లో జేక్వెరీ. అది వస్తే ఇక అందరూ అదే నేర్చుకోవాలి. 2010లో గూగుల్ వాళ్ల యాంగులర్. 2013లో ఫేస్‌బుక్ వాళ్ల రియాక్ట్. 2016లో గూగుల్ యాంగులర్‌ను మొదటినుంచి తిరగరాసి రెండో వెర్షన్ అంది. పేరు అదే గాని మొదటిది తెలిసినవాడు కూడా మళ్లీ ఓనమాలు దిద్దుకోవాల్సి వచ్చింది. పాతదానికి 2021 చివరితో మద్దతు ఆపేశారు. ఫ్లాష్ నేర్చుకుని బతికినవాళ్లు ఒక తరం ఉన్నారు. 2020 డిసెంబర్ 31తో ఫ్లాషే లేకుండా పోయింది. మా తాత ఆరెకు ఎవడో కాలిఫోర్నియాలో కూర్చుని "వచ్చే ఏడాది నుంచి ఇది పనిచేయదు" అని చెప్పినట్టు ఊహించుకోండి.

పైగా ఒకరి కోడ్ మీద ఒకరి కోడ్ పేర్చుకుంటూ పోయే పని ఇది. 2016 మార్చిలో ఒక ప్రోగ్రామర్ ఒక కంపెనీతో పేరు విషయంలో తగాదా వచ్చి, తను ఉచితంగా పెట్టిన చిన్నచిన్న ప్యాకేజీలను తీసేశాడు. అందులో ఒకటి 11 లైన్లది, పేరు లెఫ్ట్‌ప్యాడ్. అక్షరాల ముందు ఖాళీలు నింపడం తప్ప దానికి ఇంకో పని లేదు. అది మాయం కాగానే దాని మీద ఆధారపడ్డ వేలాది ప్రాజెక్టులు ఎక్కడికక్కడ ఆగిపోయాయి. 2021 డిసెంబర్‌లో లాగ్‌ఫోర్‌జే అనే ఇంకో ఉచిత సాధనంలో లోపం బయటపడితే ప్రపంచమంతా సర్వర్లు సరిదిద్దుకోవడానికి ఇంజినీర్లు పండుగ సెలవులు వదులుకున్నారు. నీ తప్పు లేకుండా నీ పని కూలిపోవచ్చు. కూలింది నీ పేరు మీద ఉన్న టికెట్‌లో కనపడుతుంది. ఈ పనిలోని ఒత్తిడికి ఇదొక వేరు.

నేర్చుకోవడం మంచిదే కదా సార్ అంటారు. మంచిదే. నేను మాస్టర్ని, నేర్చుకోవద్దని ఎట్లా చెబుతాను? ఆ నేర్చుకునే గంటలు ఎవరి లెక్కలో పడుతున్నాయన్నది నా ప్రశ్న. మిల్లులో కొత్త మగ్గం వస్తే దాన్ని నడపడం షిఫ్టు టైములో, మిల్లు ఖర్చుతో నేర్పేవాళ్లు. ఇక్కడ కొత్త ఫ్రేమ్‌వర్క్ వస్తే పగలు పాతదానిలో పని చెయ్యాలి, రాత్రి కొత్తది నేర్చుకోవాలి. ఆ రాత్రికి జీతం లేదు, లెక్క లేదు. ఫీజు కూడా నువ్వే కట్టుకోవాలి.

మన దగ్గర ఆ రాత్రికి ఒక ఊరు పేరు ఉంది: అమీర్‌పేట.

వరంగల్, కాజీపేట స్టేషన్లలో రైలెక్కి హైదరాబాద్‌లో దిగి, మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టూ తిరగని ఇంజినీరింగ్ పిల్లలు ఈ జిల్లాలో తక్కువ. 1990ల చివర వై2కే పని కోసం మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ బోర్డులు. తర్వాత జావా, డాట్‌నెట్. ఇప్పుడు ఫుల్ స్టాక్, దాని పక్కన ఏఐ. గోడల మీద బోర్డులు మాత్రం మారాయి. ఫుల్ స్టాక్ అంటే ఏమిటని నా విద్యార్థిని అడిగాను. "ముందు నలుగురు చేసే పని ఒక్కడు చేసుడు సార్" అన్నాడు. పేజీ కనపడే పద్ధతి, వెనక నడిచే లెక్క, డేటాబేస్, సర్వర్, అన్నీ ఒకడి మీదే. కంపెనీకి మూడు జీతాలు మిగిలాయి. పిల్లవాడికి నాలుగు తలనొప్పులు వచ్చాయి.

ఈ పని మన దాకా ఎట్లా వచ్చిందో కూడా చెప్పుకోవాలి. దేశంలో రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీల్లో మొదటిది వరంగల్‌దే. 1959 అక్టోబర్‌లో నెహ్రూ వచ్చి శంకుస్థాపన చేశాడు. 2002లో అది ఎన్‌ఐటీ అయింది. మన ఊళ్లోనే ఉన్నా దశాబ్దాల పాటు మన వాడలకు అది ప్రహరీగోడ మాత్రమే. మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఇంజినీరింగ్‌లోకి వచ్చింది ప్రైవేటు కాలేజీల ద్వారా. ఎస్సీలకు మెట్రిక్ తర్వాతి చదువుకు స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. అప్పుడు బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉన్నారు. ఆ స్కాలర్‌షిప్, ఆ తర్వాత 2008 నాటికి విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంట్, ఈ రెండింటి మీద మన ఇంటికొక బీటెక్ వచ్చింది. ఆ పథకం లేకపోతే ఈ వ్యాసం చదువుతున్న మీలో సగం మంది ఇంకో పనిలో ఉండేవాళ్లు. కానీ రీయింబర్స్‌మెంట్ బకాయి పడితే కాలేజీ సర్టిఫికెట్ ఇవ్వదు. 2025లో ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్‌లకు పిలుపునిచ్చాయి. యాజమాన్యానికీ సర్కారుకీ నడుమ సర్టిఫికెట్ బీరువాలో ఉంటుంది. ఆఫర్ లెటర్ చేతిలో ఉండి, జాయినింగ్ తేదీ దగ్గరపడి, సర్టిఫికెట్ కోసం కాలేజీ మెట్ల మీద కూర్చున్న పిల్లను నేను చూశాను. ఆమెకు ఒత్తిడి మొదటి కోడ్ రాయకముందే మొదలైంది.

విదేశాల దారి ఇంకో కథ. అమెరికా హెచ్-1బి వీసాల పరిమితిని 1999లో లక్షా 15 వేలకు, 2001లో లక్షా 95 వేలకు పెంచింది. హైదరాబాద్‌లో 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. సరిగ్గా ఆ రోజుల్లో షియాంగ్ బియావ్ అనే చైనా మానవశాస్త్రవేత్త సిడ్నీలో, హైదరాబాద్‌లో తిరిగి తెలుగు ఐటీ మనుషుల గురించి పరిశోధన చేశాడు. 2007లో గ్లోబల్ బాడీ షాపింగ్ అనే పుస్తకం వచ్చింది. పరిశోధన విద్యార్థులు తప్పక చదవాల్సిన పుస్తకం. మనిషిని తెచ్చి, ప్రాజెక్టు దొరికితే అద్దెకిచ్చి, దొరక్కపోతే జీతం లేకుండా బెంచీ మీద కూర్చోబెట్టే దళారీ వ్యవస్థ ఎట్లా నడుస్తుందో అందులో ఉంది. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది ఒకటి. ఈ దారికి పెట్టుబడి ఎక్కడిదని ఆయన వెతికితే భూమి, కట్నం కనపడ్డాయి. కోచింగ్‌కు, వీసాకు, బెంచీ మీద గడిచే నెలలకు మామగారి డబ్బు. అంటే బెంచీ అందరికీ బెంచీయే, కానీ కొందరికి దాని మీద పరుపు ఉంది. 2000లో డాట్‌కామ్ బుడగ పగిలినప్పుడు భూమి ఉన్న కులాల పిల్లలు బెంచీ మీద ఆరు నెలలు ఆగగలిగారు. ఆగలేనివాళ్లు ఎక్కడికి పోయారో ఎవరూ రాయలేదు.

2009 జనవరి 7న సత్యం రామలింగరాజు ఉత్తరం బయటికి వచ్చిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. యాభై వేలకు పైగా ఉద్యోగులున్న కంపెనీ లెక్కలు దొంగవని యజమానే ఒప్పుకున్నాడు. ఆ ఏడాది ఊళ్లలో బీటెక్ ఫైనలియర్ పిల్లలున్న ఇళ్లలో పొయ్యి వెలగనట్టే ఉంది. పైనున్నవాడు చేసిన తప్పుడు లెక్కకు కిందివాడు రాత్రి నిద్ర కట్టడం ఈ పరిశ్రమలో అప్పటికే అలవాటైన పద్ధతి.

ఇప్పుడు గంటల సంగతి. ఈ భాగంలో నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే.

1934 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 10 గంటలు, వారానికి 54 గంటలు. కార్మిక శాఖ చూస్తున్న బాబాసాహెబ్ తెచ్చిన సవరణతో 1946లో అది రోజుకు 9, వారానికి 48 అయింది. మే డే రోజు ఎర్రజెండా కింద నిలబడి మాట్లాడే మిత్రులు చాలామంది ఈ ముక్క చెప్పరు. సరే, వాళ్ల సంగతి వదిలేద్దాం. మన రాష్ట్రంలో ఆఫీసులకు వర్తించేది 1988 నాటి షాపులు, ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టం. ఐటీ పరిశ్రమకు అందులో పని వేళలు, రోజువారీ గంటలు, ఆడవాళ్ల రాత్రి పని, సెలవుల సెక్షన్ల నుంచి మినహాయింపు ఇచ్చారు. గడువు అయిపోయినప్పుడల్లా పొడిగిస్తూ వచ్చారు. ప్రభుత్వాలు మారాయి, జెండాలు మారాయి, రాష్ట్రమే రెండయింది. మినహాయింపు మాత్రం మారలేదు. 2025 జులై 5న తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. ఫ్యాక్టరీ వేరు, ఆఫీసు వేరు, చట్టాలు వేరు అని నాకూ తెలుసు. అయినా 1946లో దించిన అంకెను 2025లో మళ్లీ కాగితం మీద చూసినప్పుడు కడుపులో ఏదో కదిలింది.

ఇక్కడ ఒక మాట విద్యార్థులు రాసి పెట్టుకోవాలి. ఆ మినహాయింపులు షరతుల మీద ఇచ్చినవి. వారానికి 48 గంటలు. అది దాటితే ఓవర్‌టైం జీతం. వారానికి ఒక సెలవు. పండుగ రోజు పని చేయిస్తే బదులు సెలవు. రాత్రి షిఫ్టు ఆడవాళ్లకు బండి, భద్రత. 2025 ఉత్తర్వులో కూడా వారానికి 48 గంటల హద్దు అట్లాగే ఉంది. బాబాసాహెబ్ పెట్టిన అంకె ఇంకా చావలేదు. దాన్ని ఎవరూ లెక్కపెట్టడం లేదు, అంతే. మిల్లు గేటు దగ్గర హాజరు పట్టీ ఉండేది. వెబ్ డెవలపర్‌కు లాగిన్ టైము కంపెనీ దగ్గర ఉంటుంది, తన దగ్గర ఉండదు.

పైగా లాగిన్ అయిన గంటలే పని గంటలు కావు. హైదరాబాద్‌లో రాత్రి అయ్యేసరికి న్యూయార్క్‌లో పొద్దు పొడుస్తుంది. పగలంతా కోడ్ రాసినవాడు రాత్రి క్లయింట్ కాల్‌లో ఉండాలి. అది కాక ఆన్‌కాల్ అని ఒకటి. వారమో పది రోజులో వంతు వస్తుంది. సైటు పడిపోతే ఫోన్ మోగుతుంది. అర్ధరాత్రి రెండు గంటలైనా పది నిమిషాల్లో ల్యాప్‌టాప్ ముందు ఉండాలి. మోగకపోతే పని లేనట్టే లెక్క. కానీ మోగుతుందేమోనని నిద్రపట్టని రాత్రి ఏ లెక్కలోది? నా విద్యార్థి వాళ్ల మేనమామ పెళ్లికి ల్యాప్‌టాప్ సంచితోనే వచ్చాడు. బరాత్ ముందు డప్పు మోగుతుంటే చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని గోడవారకు నిలబడ్డాడు.

దీన్ని వెట్టి అని అనను. ఆ మాట తేలిగ్గా వాడేది కాదు. వెట్టి చేసినవాళ్ల వీపులు చూసిన ముసలివాళ్లు మన వాడల్లో మొన్నమొన్నటిదాకా ఉన్నారు. నెల జీతం తీసుకుని, రాజీనామా చేసే హక్కు ఉన్న మనిషిది వెట్టి కాదు. అయితే వెట్టిలో ఒక భాగాన్ని మనం సాధారణంగా మరిచిపోతాం. మూట మోయడం, కబురు తీసుకుపోవడం కొన్ని గంటలే. మిగతా పొద్దంతా గడి ముందో, పటేలు ఇంటి ముందో పిలుపు కోసం కాచుకుని ఉండటం. తన పొలం లేదు, తన పిల్లల దగ్గర కూర్చునేది లేదు, ఎప్పుడు పిలుస్తారో తెలియదు. కాచుకోవడం కూడా పనే అని గుర్తించడానికి మన తాతలకు లేబర్ లా చదవాల్సిన అవసరం రాలేదు.

స్ప్రింట్ అనే మాట దగ్గర కూడా నాకు పేచీ ఉంది, భాష మాస్టర్ని కదా. రెండు వారాలకొక పని ముక్క, దాని పేరు స్ప్రింట్. ఒకటి అయిపోగానే ఇంకోటి. స్ప్రింట్ అంటే వంద మీటర్ల పరుగు. ఇరవై ఏళ్ల ఉద్యోగాన్ని వంద మీటర్ల పరుగుల కింద కోసి వరసగా పరిగెత్తించడం ఏ ఆటలోనూ లేదు. 2001లో అమెరికాలో పదిహేడు మంది కూర్చుని రాసిన ఎజైల్ మేనిఫెస్టో సూత్రాల్లో ఒకటి, ఎప్పటికీ కొనసాగించగలిగిన వేగంతోనే పని చెయ్యాలని చెబుతుంది. మేనేజర్లకు స్ప్రింట్ గుర్తుంది, ఆ సూత్రం గుర్తులేదు.

అయితే ఈ ఒత్తిడి అందరికీ ఒకటే కదా, ఇందులో కులం ఎక్కడిది అని అడుగుతారు. అడగాల్సిందే. దానికి బొంబాయి మిల్లుల దగ్గరికి పోవాలి. అక్కడ అంటరానివాళ్లకు స్పిన్నింగ్‌లో పని దొరికేది, నేత విభాగంలో దొరికేది కాదు. కూలి ఎక్కువ వచ్చేది నేతలోనే. కండె మార్చినప్పుడు దారాన్ని నోటితో పీల్చి నాడెలోంచి లాగాలి కాబట్టి, ఒకరి ఎంగిలి ఒకరికి తగులుతుందని సవర్ణ కార్మికులు మనవాళ్లను రానివ్వలేదు. 1928 సమ్మెలో బాబాసాహెబ్ ఈ డిమాండ్ పెట్టమంటే సమ్మె నాయకులు అయిష్టంగా ఒప్పుకున్నారు. యజమానులేమో, ఇది అన్యాయమే అయితే మా తప్పు కాదు కదా అన్నారు. ఒకే మిల్లు, ఒకే సైరన్, ఒకే పొగ. అయినా మనవాడి కష్టం వేరు.

కోడ్‌లో ఎంగిలి లేదు. కానీ వడపోత ఉంది. సుఖదేవ్ థోరాట్, పాల్ అట్వెల్ చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. పత్రికల్లో వచ్చిన 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. అర్హతలు సమానం, పేర్లు మాత్రమే వేరు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశాల నిష్పత్తి 0.67. ముస్లిం పేరుకు 0.33. అదే ఏడాది సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ కంపెనీల హెచ్.ఆర్. మేనేజర్లతో మాట్లాడి రాసిన వ్యాసంలో ఇంకో సంగతి ఉంది. మేము కులం చూడం, మెరిట్ చూస్తాం అని మేనేజర్లందరూ అంటారు. ఆ వెంటనే ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్ అడుగుతామంటారు. నాన్న ఏం చేస్తారు? అన్నదమ్ములేం చదివారు? ఎక్కడ పెరిగావు? నా విద్యార్థిని ఒకామెను ఇదే అడిగారు. "మా బాపు మోచి సార్" అని నిజం చెప్పింది. ఎదుటివాడు కొద్దిసేపు ఊరుకుని కాగితం తిరగేశాడట. ఉద్యోగం వచ్చింది, కాదనను. కానీ తర్వాత మూడేళ్లలో టీమ్‌లో ఎప్పుడు నవ్వు వినపడినా ఆ కాగితం చప్పుడే గుర్తొచ్చేదని చెప్పింది.

అమెరికా పోతే పోతుందా? 2020లో కాలిఫోర్నియా రాష్ట్ర పౌరహక్కుల విభాగం సిస్కో కంపెనీ మీద కేసు వేసింది. ఒక దళిత ఇంజినీర్ ఐఐటీలో రిజర్వేషన్ మీద చేరాడన్న సంగతి తోటి భారతీయుడు టీమ్‌లో చెప్పాడని, ఫిర్యాదు చేస్తే పనిలో పక్కన పెట్టారని ఆరోపణ. కంపెనీ ఒప్పుకోలేదు. 2023లో ఇద్దరు మేనేజర్ల మీద కేసు ఉపసంహరించుకున్నారు, కంపెనీ మీద కొనసాగించారు. అదే ఏడాది ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అక్టోబర్‌లో కాలిఫోర్నియా గవర్నర్ అలాంటి బిల్లునే వీటో చేశాడు. వాటి లోతుపాతులు ఇంకోసారి. ఇక్కడ నాకు కావలసింది ఒకటే: దాచుకునే శ్రమ. ఏం తింటావు, ఇంటిపేరేంటి, ర్యాంకు ఎంత, జంధ్యం పండుగకు ఊరికి పోతున్నావా. ఇట్లాంటి మాటలు టీ దగ్గర వస్తాయని తెలిసి టీకి పోకుండా సీట్లోనే కూర్చునే పిల్లలున్నారు. వాళ్లను చూసి మేనేజర్ "టీమ్‌తో కలవడు" అని అప్రైజల్‌లో రాస్తాడు. ఆ ఒక్క వాక్యం జీతంలోంచి కోత కోస్తుంది.

ఇక రాజీనామా. ఒత్తిడి ఎక్కువైతే మానెయ్యి, ఆరు నెలలు విశ్రాంతి తీసుకో అని సలహా చెప్పడం సులువు. నా విద్యార్థి జీతం ఎక్కడెక్కడికి పోతుందో వాడే ఒక రోజు లెక్క చెప్పాడు: బాపు మోకాళ్ల ఆపరేషన్ అప్పు, చెల్లె బి.ఎడ్. ఫీజు, ఊళ్లో రెండు గదుల స్లాబు, ఎప్పుడో మిత్తికి తెచ్చిన ఎకరం కౌలు బాకీ, మిగిలింది హాస్టల్. ఇంటి మొత్తం మీద నెలనెలా పడే జీతం అదొక్కటే. వాడి పక్క సీటు పిల్లవాడు గోవా పోయి వచ్చి, మూడు నెలలు ఖాళీగా ఉండి, మామయ్య చెప్పిన కంపెనీలో చేరాడు. ఇద్దరూ ఒకే రియాక్ట్ రాశారు. ఒకే మేనేజర్ తిట్లు తిన్నారు. ఒకడు బర్న్‌అవుట్ అని పేరు పెట్టి సెలవు పెట్టగలిగాడు. ఇంకొకడు గ్యాస్ట్రిక్ మాత్ర వేసుకుని లాగిన్ అయ్యాడు. "అమ్మకు చెప్తే కుర్చీల కూసునేటోనికి కష్టమేంది బిడ్డా అంటది సార్. ఆమె ఎండల పత్తి ఏరి వచ్చి ఆ మాట అంటే నేనేం మాట్లాడాలె?" అన్నాడు. నాకూ వెంటనే జవాబు దొరకలేదు.

2020 జనవరిలో మన మడికొండలో ఐటీ కేంద్రాలు తెరిచినప్పుడు చాలామంది తల్లిదండ్రులు పిల్లలు ఇక్కడే ఉంటారని సంబరపడ్డారు. ఇంటి అన్నం తిని పనికి పోవడం చిన్న సుఖం కాదు, నేను దాన్ని తక్కువ చెయ్యను. కానీ పని వచ్చేది అదే క్లయింట్ దగ్గర్నుంచి, అదే గడియారం మీద. ఇప్పుడు దాని మీద ఏఐ భయం. 2025 జులైలో టీసీఎస్ పన్నెండు వేల మందికి పైగా ఉద్యోగులను తీసేస్తున్నట్టు చెప్పింది. మొదటి తరం పిల్లలకు ఇలాంటి వార్త రాగానే ఇంట్లోంచి ఫోన్ వస్తుంది: "నీ కంపెనీ కాదు కదా?"

తోవ ఏమిటని అడిగేవాళ్లకు నాకు తెలిసినంత చెబుతాను. ఐటీ ఉద్యోగులు సంఘం పెట్టుకోవచ్చని 2016లో తమిళనాడు ప్రభుత్వం స్పష్టం చేసింది. 2017లో బెంగళూరులో కర్ణాటక ఐటీ ఉద్యోగుల సంఘం, కీటూ, పుట్టింది. ఐటీవాడు కార్మికుడు కాడన్న భ్రమను అది కొంతైనా చెదరగొట్టింది. మన దగ్గర ఆ పని ఇంకా పలచగానే ఉంది. ఒకవేళ గట్టిపడినా, 1928లో బాబాసాహెబ్ సమ్మె నాయకులను అడిగిన ప్రశ్న అందులో మొదటి రోజే అడగాలని నా అభిప్రాయం: డిమాండ్ల పట్టీలో మా నేత విభాగం ఎక్కడుంది? ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్ ప్రశ్న ఇంటర్వ్యూలో నిషేధించాలన్న మాట, సర్టిఫికెట్లు ఆపొద్దన్న మాట, ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల మాట ఆ పట్టీలో లేకపోతే ఆ సంఘం మళ్లీ పరుపున్న బెంచీ వాళ్లదే అవుతుంది.

ఈలోగా హన్మకొండలో ఆరుగురు పిల్లలు ఒక చిన్న పని మొదలుపెట్టారు. ఇద్దరు మడికొండలో, మిగతావాళ్లు హైదరాబాద్ కంపెనీలకు ఇంటి నుంచి పనిచేసేవాళ్లు. ఆదివారం ఒక గదిలో కలుస్తారు. ముందు రెండు గంటలు ఒకరికొకరు కొత్త పాఠం చెప్పుకుంటారు, అమీర్‌పేట ఫీజు మిగులుతుంది. తర్వాత ఎవరి నోట్‌బుక్ వాళ్లు తీస్తారు. లాగిన్ ఎప్పుడు, లాగౌట్ ఎప్పుడు, రాత్రి ఫోన్ ఎన్నిసార్లు మోగింది, మోగకుండా ఎన్ని రాత్రులు కాచుకున్నారు. ఫోన్ చేసిన నా విద్యార్థి నోట్‌బుక్ కిందటి వారం చూశాను. దసరా వారానికి ఎదురుగా 71 గంటలు అని రాసి, పక్కన చిన్నగా 48 వేసి, తీసివేత లెక్క చేసి పెట్టాడు.

వచ్చే భాగం రాత్రి షిఫ్టు ఆడపిల్లల మీద. అది నేను రాయను. ఆ ఆరుగురిలో ఇద్దరు అమ్మాయిలున్నారు, వాళ్లు రాస్తామని ఒప్పుకున్నారు. నేను అచ్చుతప్పులు దిద్దుతాను.